సరుగుడును పైన్ అనకండి

రచయిత గారూ, మైపాడు, కొత్తపట్నం తీరాల్లోని సరుగుడును ‘సూదాకుల పైన్ జాతి’ అని రాశారు. అది పూలు పూసే మొక్క. పైన్ శంకుధారి, అంటే పూలు లేకుండా శంకువుల్లో విత్తనాలు పట్టే చెట్టు. దక్షిణ భారతంలో సహజంగా పెరిగే శంకుధారి నగేయా వాలిచియానా ఒక్కటే. దానికి సూదాకులు ఉండవు, వెడల్పాటి ఆకులే. పైగా అది పడమటి కనుమల చెట్టు.

సరుగుడులో ఆకులని మీరనుకున్నవి రెమ్మలు. ఒకటి తుంచి రెండు చివరలా పట్టుకుని లాగండి, కణుపు దగ్గర టక్కున ఊడుతుంది. కింది ముక్క అంచున కిరీటంలా కనిపించే చిన్న పొలుసులే అసలు ఆకులు. పది రెట్ల భూతద్దంతో లెక్కపెడితే మామూలు సరుగుడుకు 7 లేక 8, జుంగునియానా అనే మరో సరుగుడు జాతికి 9 నుంచి 11 ఉంటాయి. తోటల్లో వేసే సంకర క్లోన్లలో (రెండు జాతులు కలిసిన చెట్టు నుంచి అచ్చం అలాగే పెంచిన మొక్కల్లో) ఈ లెక్క కలిసిపోతుంది, దాన్ని ఒక్కదాన్నే నమ్మి పేరు పెట్టొద్దు. ముదురు కొమ్మగా మారబోయే లేత చిగురు మీదా లెక్క తప్పుతుంది. అక్కడ పొలుసులు పొడుగ్గా, బయటికి వంగి ఉంటాయి. రాలిపోయే సన్న రెమ్మలే తీసుకోండి, అవీ పచ్చివే. ఎండితే పొలుసులు విరిగిపోతాయి.

పైన్ సూదికి కణుపులుండవు. చిర్ పైన్ అనే జాతిలో మూడేసి సూదులు ఒకే తొడుగులోంచి వస్తాయి. కాయ చూసి మాత్రం మోసపోవద్దు: సరుగుడు కాయ బుల్లి శంకువులాగే ఉన్నా, ఎండి నోరు తెరిచిన ప్రతి గదిలోంచీ రాలేది విత్తనం కాదు, ఒంటి రెక్క ఉన్న పండు.

ఊళ్లలో తోటల్లో పెంచే తూజా నిజంగా శంకుధారే. దాని పొలుసాకులు చదునైన విసనకర్రల్లా పరుచుకుంటాయి.