క్యూబిట్ గారికి ఒక మొర

క్వాంటం కంప్యూటర్‌లో సమాచారపు అతి చిన్న ముక్క అయిన మహారాజశ్రీ క్యూబిట్ గారికి,

అంబాజీపేట పక్క పల్లె నుంచి, చెమటలు కక్కుతూ రాయునది. మధ్యాహ్నమంతా తమ సేవలోనే, అంటే తమరు ఏ స్థితిలో ఉన్నారో కొలతల నుంచి రాబట్టడంలోనే పోయింది. కరెంటు రెండుసార్లు పోయింది, అది తమ తప్పు కాదు. లెక్క మాత్రం తమదే: తమరు ఒక స్థితిలో దొరికే సంభావ్యత 1.04, దాని ఎదుటి స్థితిలో మైనస్ 0.04.

మైనస్ అండీ!

ఇక్కడ వసారాలో మా బాబాయి కురిడీ కాయలు చూస్తున్నాడు. పీచు కాయని చెవి దగ్గర పెట్టి రెండుసార్లు ఆడిస్తాడు. లోపల కొబ్బరి లొడలొడమంటే కురిడీ అయినట్టు, నీళ్ళు తొణికితే మళ్ళీ అటక మీదికి. కాయ పగలదు, చెదరదు.

తమరితో అలా కుదరదాయె. నేరుగా కొలిస్తే ఉన్న స్థితి కాస్తా పోగొట్టుకుని, ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటారు. తమకి జిరాక్స్ తీయడం కుదరదని శాస్త్రవేత్తలు 1982లోనే తేల్చేశారు. అందుకే పెళ్ళి సంబంధానికి వాకబు చేసినట్టు, ఇంకో క్యూబిట్‌ని తమతో కాసేపు కలిపి దాన్ని అడుగుతున్నాం. ఈ మధ్యవర్తిత్వానికి కావలసిన గణితం నైమార్క్ అనే గణితవేత్త 1940లోనే రాసిపెట్టాడు. అయినా మధ్యవర్తి ఎంత రాబడితే తమరు అంత చెదురుతారు. కాబట్టి ఒకేలా తయారుచేసిన వెయ్యిమందిని అడగాల్సి వచ్చింది.

ఇంతా చేసి కావలసింది తమ స్థితిని చెప్పే మూడంకెలు. మూడే! (పదిమంది కలిసొస్తే 10,48,575. ఆ ఊసు ఇప్పుడొద్దు, బీపీ.) ఆ మూడంకెలతో గీసే తమ బాణం ఒకటి వ్యాసార్థమున్న గోళంలోనే ఉండాలి, పొడవు ఒకటి దాటకూడదు, 1.08 వచ్చింది. కొలతలు తక్కువైతే ఇలా గోళం దాటడం మామూలేనట, మాక్సిమం లైక్లీహుడ్‌తో, అంటే వచ్చిన కొలతలకి అన్నిటికన్నా బాగా సరిపోయే స్థితిని ఎంచే పద్ధతితో, లోపలికి లాగాలట. లాగాను. మైనస్ కాస్తా సరిగ్గా సున్నా అయి కూర్చుంది. అంటే తమరు అక్కడ ఎన్నటికీ దొరకరన్నమాట! వెయ్యిమందిని అడిగి 'ఎన్నటికీ' అని రాయడానికి చెయ్యి వస్తుందా ఎవరికైనా? పద్దు కుదరకపోతే గుమస్తా సున్నా చుట్టేసినట్టుంది. దీన్ని నేను మా గైడ్‌కి ఏ మొహం పెట్టుకుని పంపాలి?

"ఏరా, ఏమైంది?" అన్నాడు బాబాయి.

"మైనస్ వచ్చింది బాబాయ్."

"కాయలో నీళ్ళుంటాయి, లేదా ఉండవు. మైనస్ నీళ్ళేంట్రా?"

చెప్పవేం? ఆయనకేం చెప్పను? వెయ్యిసార్లు అడిగించుకుని ఈ వేషాలేంటి నీకు? కరెంటు మళ్ళీ పోయింది. లాప్‌టాప్‌లో 11 శాతం ఉంది. ఆ మూడంకెలూ చెప్పేసి పో.