కండువా గారికి ఓ తిరుపతి ఓటరు విన్నపం

మహారాజశ్రీ కండువా గారికి,

తిరుపతి నుంచి ఒక ఓటరు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

మా ఇంట్లో మీవాళ్లు ముగ్గురున్నారు. పసుపు రంగాయన దండెం మీద, నీలం ఆకుపచ్చ కలిసినాయన స్కూటర్ డిక్కీలో, మూడు రంగులాయన వంటింట్లో వేడి గిన్నెలు దింపుతూ కాలక్షేపం చేస్తున్నారు. ముగ్గురిదీ ఒకటే బట్ట. జారిపోయే పాలిస్టర్. అంచు కుట్టు వదిలి దారాలు వేలాడుతుంటాయి, రెండు ఉతుకులకు గుర్తు వెలిసిపోతుంది. చెమటైనా పీల్చరు. అలాంటి మిమ్మల్ని పట్టుకుని, పార్టీ ఫిరాయింపులను అడ్డుకునే రాజ్యాంగంలోని పదో షెడ్యూలు వేలాడుతోందంటే మొదట నమ్మలేదు.

మా వీధి కుర్ర లాయరు విడమరిచి చెప్పాడు. "సొంత పార్టీని తనంతట తానే వదులుకుంటే సభ్యత్వం పోతుంది అన్నా. రాజీనామా కాగితం కూడా అక్కర్లేదు, నడవడిక చూసి తేల్చొచ్చని సుప్రీంకోర్టు 1994లోనే చెప్పింది." మెడలో కండువా ఉంటే అంతకన్నా నడవడిక ఏముంది అన్నాను. నవ్వాడు. "అది కండువానా, శాలువానా? ఎవరో అభిమానంతో కప్పారా, తనే మెడ వంచాడా? ఇవన్నీ విచారణలో తేలాలి కదన్నా."

విచారించేది స్పీకరు గారు. ఆ కుర్చీ ఎక్కేదాకా ఆయన మెడలో ఉన్నదీ మీరే. మీకు తెలియనిదేముంది!

1967లో హర్యానాలో గయాలాల్ అనే ఎమ్మెల్యే పదిహేను రోజుల్లో మూడుసార్లు పార్టీ మారాడు. 1983లో మా తిరుపతిలోనూ గెలిచిన ఎన్టీఆర్‌ను మరుసటి ఏడు గద్దె దింపితే, ఎమ్మెల్యేలు చెయ్యి జారకుండా బెంగళూరు దాకా తీసుకెళ్లాల్సి వచ్చింది. 1985లో 52వ సవరణతో పదో షెడ్యూలు వచ్చాక మీ ఆటలు కట్టాయనుకున్నారు జనం. మూడోవంతు మంది కలిసి చీలితే తప్పులేదని అందులో ఒక కిటికీ వదిలారు. 2003లో 91వ సవరణతో దాన్ని మూశారు. మూడింట రెండువంతులు కలిసి విలీనమంటే సరే అనే వాకిలి మాత్రం ఇంకా తెరిచే ఉంది. 2019లో తెలంగాణలో మిగిలిన 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో సరిగ్గా 12 మంది ఆ వాకిట్లోంచే వెళ్లారు. పన్నెండో మెడ దొరికేదాకా మీరెంత ఓపిక పట్టారో!

మన సంగతికొస్తే, 2014లో గెలిచిన 67 మంది వైసీపీ ఎమ్మెల్యేల్లో 23 మంది అధికార పార్టీ టీడీపీ వైపు నడిచారు. మా పలమనేరు ఎమ్మెల్యే కూడా అందులో ఒకరు. 2017లో ఆయనతో కలిపి నలుగురు మంత్రులయ్యారు. ఫిరాయించి అనర్హుడైనవాడు మంత్రి కాకూడదని ఆ 91వ సవరణే చెప్తోంది కదా అని లాయరును నిలదీశాను. "అనర్హుడని స్పీకరు తేలిస్తేనే అన్నా" అన్నాడు. తేల్చలేదు. సభ గడువే తీరిపోయింది. తర్వాతి సభలో కథ తిరగబడింది. టీడీపీ వాళ్లు నలుగురు అటు, వైసీపీ వాళ్లు నలుగురు ఇటు. ఎనిమిది మందినీ అనర్హులని ప్రకటించింది 2024 ఫిబ్రవరిలో. మే నెలలో ఎన్నికలు. విస్తళ్లు ఎత్తేశాక పెళ్లి భోజనానికి రావద్దన్నట్టు.

దీనికి మా ఊరి పేరుతోనే ఒక మాట ఉంది, తిరుపతి క్షవరమని. సగం గొరిగి మంగలి పక్క తలకు వెళ్తాడు, ఆ గుండుతో లేచి పోలేక మనం కూర్చుంటాం. అసెంబ్లీలో సగం గుండుతో కూర్చునేది ఎమ్మెల్యే కాదు, ఓటేసిన మేము. స్పీకరు నిర్ణయాన్ని కోర్టులు సమీక్షించొచ్చని సుప్రీంకోర్టు 1992లో చెప్పింది. నిర్ణయమంటూ ఉంటే కదా సమీక్ష! 2020లో మణిపూర్ కేసులో మూడు నెలల్లో తేల్చాలన్నారు. 2025 జూలై 31న తెలంగాణ స్పీకరుకు పదిమంది ఎమ్మెల్యేల విషయంలో మళ్లీ అదే మూడు నెలలు చెప్పాల్సి వచ్చింది.

మా కార్పొరేటర్ల జోలికైతే పదో షెడ్యూలు రానే రాదు, అది చట్టసభల దాకే. 2021లో 49 డివిజన్లకు 48 గెలిచింది వైసీపీ. 2025 ఫిబ్రవరిలో డిప్యూటీ మేయర్ పదవి 26 ఓట్లతో టీడీపీకి పోయింది. మిమ్మల్ని ఆ నెలలో ఎవరు ఎన్నిసార్లు మడిచి జేబులో పెట్టుకున్నారో మీకే తెలియాలి.

ఒక్క చోటే మీ పప్పులుడకవు. పార్టీ గుర్తులు కొండెక్కకూడదు కాబట్టి అలిపిరి తనిఖీలో మిమ్మల్ని తీసేయమంటారు. నోటీసు లేదు, వాయిదా లేదు, శాలువానా అని అడిగేవాడు లేడు. అర నిమిషం పని.

ఇట్లు,
తిరుపతి ఓటరు ఒకడు

తా.క.: రేపు మా వీధికి ఎవరో నాయకుడు వస్తున్నాడట. కుర్రాడొకడు వచ్చి రెండు రంగుల్లో రెండు కండువాలిచ్చి వెళ్లాడు. ఏది కప్పుకోవాలిరా అంటే, "పొద్దున ఫోన్ చేస్తాం లేన్నా" అన్నాడు.