నాలుగు చక్రాలు, నాలుగు నిమ్మకాయలు

అమెరికాలో పాత కారు దొరకదు. ఇరవై రెండేళ్లుగా ఈ దేశంలో ఉంటున్నా ఈ సంగతి నాకు మొన్నమొన్ననే తెలిసింది. లక్ష మైళ్లు తిరిగి, ముగ్గురు యజమానుల చేతులు మారి, వెనక సీటు మీద ఎవరి పిల్లవాడో ఒలకబోసిన పాల వాసన ఇంకా వదలని బండిని కూడా ఇక్కడి వ్యాపారి 'ప్రీ ఓన్డ్' అంటాడే తప్ప పాతది అనడు. మన ఊళ్లో సైకిలు మీద తిరిగే మనిషి తన సరుకును 'పాత ఇనప సామాను' అనే కేకవేస్తాడు. ఆ పాటి నిజాయితీ, ఎకరాల కొద్దీ జాగాలో రంగురంగుల జెండాలు కట్టుకుని కూర్చున్న సంస్థలకు ఇంకా అబ్బలేదు.

మా మేనల్లుడు ఎమ్మెస్ పూర్తిచేసి డాలస్ పక్కనున్న ప్లేనోలో ఉద్యోగంలో చేరాడు. మేముండే ఫ్రిస్కోలో సిటీ బస్సు లేదు కాబట్టి వాడికి కారు అవసరమైంది. కొత్తది కొనుక్కునే స్తోమత వాడికి లేదు, కొనిపెట్టే ఔదార్యం నాకు లేదు. అందుచేత ఈ దేశపు పాత కార్ల కంపెనీలను తులనాత్మకంగా పరిశీలించే బాధ్యతను నేనే నెత్తికెత్తుకున్నాను. మా భోజనాల బల్ల మీద మూడు వారాలపాటు సాగిన ఆ పరిశోధన ఫలితాలను ప్రజాహితం కోరి ఇక్కడ సమర్పిస్తున్నాను.

ప్రతి శాస్త్రానికీ ఒక మూలసూత్రం ఉంటుంది. ఈ శాస్త్రానికి మూలం నిమ్మకాయ. కొన్న మర్నాటి నుంచీ ఏడిపించే కారును అమెరికావాళ్లు 'లెమన్' అంటారు. జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికశాస్త్రవేత్త 1970లో దీనిమీదే ఒక వ్యాసం ప్రచురించాడు. బండి గుట్టు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియనివాడు భయపడి మంచిదానికీ చెడ్డదానికీ నడుమ ఒక ధర చెబుతాడు. ఆ ధరకు మంచి బండి ఉన్నవాడు అమ్మడు, నిమ్మకాయ ఉన్నవాడు సంబరంగా అమ్ముతాడు. పోనుపోను సంతలో నిమ్మకాయలే మిగులుతాయి. మూడు పత్రికలు తిప్పి పంపిన ఈ వ్యాసమే చివరికి ఆయనకు 2001లో నోబెల్ బహుమతిలో వాటా తెచ్చిపెట్టింది. మనవాళ్లు ఏ బహుమతీ ఆశించకుండా, బండి ఇంటికొచ్చిన రోజే నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించే ఆచారం ఏర్పరిచారు. దీని మీద పేటెంటు తీసుకోకపోవడం మన అలసత్వమే.

ఇక కంపెనీల విషయానికి వస్తే, పెద్దరికం కార్‌మాక్స్‌ది. 1993లో వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లో పుట్టిన ఈ సంస్థకు తల్లి సర్క్యూట్ సిటీ అనే టీవీల దుకాణం. టీవీకి ధర చీటీ అంటించి అమ్ముతున్నప్పుడు కారుకు ఎందుకు అంటించకూడదన్నదే వాళ్ల తత్త్వం. 2002లో వేరు కాపురం పెట్టింది. 2009కల్లా తల్లి దుకాణాలు మూతపడ్డాయి, పిల్ల మాత్రం ఇప్పుడు 250 దాకా దుకాణాలతో వర్ధిల్లుతోంది. చీటీ మీద ఉన్నదే ధర, బేరం లేదు. సికింద్రాబాద్ మోండా మార్కెట్లో కిలో వంకాయలకు పావుగంట బేరమాడి, నాలుగడుగులు వెళ్లినట్టే వెళ్లి వెనక్కి పిలిపించుకునే వంశంలో పుట్టినవాడిని నేను. వెళ్లినట్టే వెళితే ఇక్కడెవరూ వెనక్కి పిలవరు. పార్కింగ్ స్థలం చివరిదాకా నడిచి, నా అంతట నేనే తిరిగి రావలసి వచ్చింది.

రెండోది కార్వానా. దీన్ని అర్థం చేసుకోవాలంటే దాని వంశవృక్షం తెలియాలి. అరిజోనాలో 'అగ్లీ డక్లింగ్', అంటే అనాకారి బాతుపిల్ల అనే పేరుతో ఒక పాత కార్ల కంపెనీ ఉండేది. అది 2002లో పేరు మార్చుకుని డ్రైవ్‌టైమ్ అయింది. దాని యజమాని కుమారుడు 2012లో ఆ నీడనే కార్వానాను మొదలుపెట్టాడు. అమెరికా మొత్తం మీద పాత కారును ఉన్న రూపంతో పిలిచిన ఏకైక సంస్థ ఆ బాతుపిల్లే. పేరు మార్చుకోవడంతో ఆ చారిత్రక ఘట్టం కూడా ముగిసింది.

కార్వానా గొప్పతనం గాజు గోపురాలు. అంతస్తుల మీద అంతస్తులుగా కార్లు నిలబెట్టి, రాత్రివేళ దీపాలతో వెలిగించిన ఆ గోపురం మా ఫ్రిస్కోలో కూడా ఒకటుంది. కంప్యూటర్లో కారు ఎంచుకుని, కాగితాలన్నీ పూర్తిచేసి అక్కడికి వెళితే, అరచేతి వెడల్పున్న నాణెం ఒకటి ఇస్తారు. దాన్ని యంత్రంలో వేస్తే మీ కారు పైనుంచి సావధానంగా దిగివస్తుంది. "నాణెం వేస్తే కారు వస్తుంది మామయ్యా" అని మావాడు మురిసిపోయాడు. ఆ నాణెం చేతికి రావడానికి ముందు ఇరవై వేల డాలర్లు వెయ్యాలిరా అని నేను సవరించాను.

కారు కొన్న మరుక్షణం దాని విలువ పడిపోతుందని అందరికీ తెలుసు. కార్లమ్మే కంపెనీ విలువే అంతకన్న వేగంగా పడిపోవడం మాత్రం కార్వానా ఘనత. 2021 ఆగస్టులో 370 డాలర్ల చుట్టుపక్కల ఉన్న దాని షేరు, 2022 డిసెంబరులో 4 డాలర్లలోపు దొరికింది. కార్ల యాజమాన్యం తెలిపే టైటిల్ కాగితాలు సకాలంలో బదిలీ కాలేదన్న కారణంతో ఇలినాయ్ రాష్ట్రం డీలర్ లైసెన్సును కొంతకాలం నిలిపివేసింది కూడా ఆ ఏడాది మేలోనే. తరువాత ఏ మెకానిక్ చెయ్యి పడిందో గాని 2025లో షేరు తిరిగి 300 దాటింది. మా మేనల్లుడు కారు బదులు 2022లో ఆ షేర్లే కొని ఉంటే ఈపాటికి డ్రైవరును పెట్టుకునేవాడు.

ఈ రెండు సంస్థల మధ్య భేదం సూక్ష్మమైనది. కార్‌మాక్స్ 125కు పైగా అంశాలు పరీక్షిస్తామంటుంది, కార్వానా 150 అంటుంది. పెళ్లికి 36 గుణాలు చూసి సరిపెట్టుకునే జాతి మనది కాబట్టి, ఒక కరోలాకు ఇన్నేసి పొంతనలు చూడడం నాకు గౌరవంగానే తోచింది. కార్‌మాక్స్ వారంటీ 90 రోజులు లేదా 4,000 మైళ్లు. కార్వానాది 100 రోజులు లేదా 4,189 మైళ్లు. ఆ 189 దగ్గర నేను రెండు సాయంత్రాలు ఆగిపోయాను. డాలస్ నుంచి ఆస్టిన్‌కు 195 మైళ్లు. అంటే ఆ అదనపు వారంటీ నన్ను ఆస్టిన్ పొలిమేర దాకా తీసుకువెళ్లి, సరిగ్గా ఊరు కనిపించే చోట దింపేస్తుందన్నమాట.

మిగతావారి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఇంజను ఉరుము లాంటి పేరు పెట్టుకున్న వ్రూమ్ 2024 జనవరిలో కార్ల అమ్మకం ఆపేసింది. షిఫ్ట్ అనే మరో కంపెనీ అంతకు మూడు నెలల ముందే దివాలా తీసింది. అద్దె కార్ల కంపెనీలు కూడా వాడేసిన బండ్లను అమ్ముతాయి గాని, అద్దె కారును తన సొంత కారులా నడిపిన మనిషిని నేనింతవరకూ చూడలేదు, అద్దంలో చూసుకున్నప్పుడు కూడా.

అసలు విషయం ఇక్కడుంది. బేరం లేని కంపెనీకి లాభం ధర చీటీ మీద కనబడదు. కార్‌మాక్స్ ఒక్కో కారు చిల్లర అమ్మకం మీద సుమారు 2,300 డాలర్ల స్థూల లాభం చూపుతుంది. కొన్నవాళ్లకిచ్చే అప్పుల మీద ఆదాయం దానికి వేరే పద్దు. అలాంటి అప్పుల పత్రాలను వేరేవాళ్లకు అమ్మగా వచ్చేదాన్నీ కలిపి లెక్కవేసే కార్వానా 2024 రెండో త్రైమాసికంలో కారుకు 7,000 డాలర్లు దాటించింది. వంకాయల మీద బేరం లేదని బోర్డు పెట్టి, సంచి అద్దెకిచ్చే విద్య ఇది.

ఈ విద్యను దగ్గరినుంచి చూసే భాగ్యం కూడా మాకు కలిగింది. పేరు చెప్పదగని ఒక డీలరు దగ్గర నేను గంటన్నర వాదించి ధరలో 300 డాలర్లు తగ్గించి, తండ్రిగారిని తలుచుకుని ఉప్పొంగిపోయాను. అప్పుడు లోపలి గదిలోని ఫైనాన్స్ మేనేజరు మంచినీళ్ల సీసా చేతికిచ్చి, కారు ఎంత అన్న ప్రసక్తే లేకుండా "నెలకెంత కట్టుకోగలరు?" అని ఆప్యాయంగా అడిగాడు. మావాడికి ఈ దేశంలో అప్పుల చరిత్ర లేదు. అప్పు చేయకపోవడం ఇక్కడ గుణం కాదు, అనుమానాస్పదం. అందుకు శిక్షగా 15,000 డాలర్లకు 14 శాతం వడ్డీ, 72 నెలలు, నెలకు 309 డాలర్లు. పక్కనే ఉన్న కాగితం వెనక లెక్కవేస్తే మొత్తం 22,000 పైచిలుకు తేలింది. నేను సాధించిన 300 డాలర్లు ఆ లెక్కలో ఎక్కడున్నాయో కళ్లజోడు పెట్టుకుని వెతికినా దొరకలేదు.

దానికి తోడు టైర్లలో నైట్రోజన్‌కు వేరే రుసుము. మనం ఉచితంగా పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే. ఇలాంటి పనికిరాని అదనాలు అంటగట్టరాదని వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక నిబంధన తెచ్చింది. అది అమలుకు రాకముందే, ముందస్తు నోటీసు సరిగా ఇవ్వలేదన్న కారణంతో 2025 జనవరిలో న్యూ ఆర్లీన్స్ అప్పీళ్ల కోర్టు కొట్టేసింది. గాలి అమ్ముకునే హక్కు అలా నిలబడింది.

తులనాత్మక పరిశీలన అన్నాక రిజిస్టరు కాని కంపెనీని విస్మరించకూడదు. అది మన తెలుగువారి వాట్సాప్ గ్రూపు. "ఇండియా తిరిగి వెళుతున్నాం, గుడికీ సరుకులకీ మాత్రమే వాడిన క్యామ్రీ" అని వారానికొక ప్రకటన వస్తుంది. అలాంటి బండి ఒకటి చూశాం; మీటరు మీద 1,38,000 మైళ్లుంది. ఆ దంపతుల భక్తికి అక్కడే నమస్కరించి వచ్చేశాం.

చివరికి ఔదార్యం లేదన్న నేనే పూచీ సంతకం పెట్టి, సహకార బ్యాంకులాంటి క్రెడిట్ యూనియన్లో సగం వడ్డీకి అప్పు ఇప్పించి, ఊరి చివర ఒక చిన్న పాత కార్ల లాట్‌లో కరోలా కొనిపించాను. శనివారం గుడి పార్కింగ్‌లో వాహన పూజకు నిలబెట్టాం. మా ఆవిడ నాలుగు నిమ్మకాయలు సర్దుతుండగా, పూజారిగారు కిటికీకి ఇంకా అంటించి ఉన్న కాగితాన్ని శ్రద్ధగా చదివారు. అది 1985 నుంచీ పాత కార్ల డీలర్లు చట్టప్రకారం అంటించవలసిన చీటీ. అందులో 'యాజ్ ఈజ్' అన్న గడిలో పెద్ద టిక్కు ఉంది.

"దీని భావమేమిటి నాయనా?" అని అడిగారు.

"ఉన్నది ఉన్నట్టు ఇచ్చాం, తరవాత ఏమైనా మాకు సంబంధం లేదు అని అండీ" అన్నాడు మావాడు.

"మా పూజ కూడా అంతే" అంటూ ఆయన హారతి వెలిగించారు.