‘ఒక్కసారి కొంటే జీవితాంతం’ అనే విత్తనాల ప్యాక్ గురించి

తొలకరి పడగానే వైజాగ్ మిద్దె తోట గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్ళీ తిరగడం మొదలవుతుంది. అందులో చెప్పేది ఇదీ: ‘బజార్లో దొరికే కూరగాయ విత్తనాలన్నీ జన్యుమార్పిడి చేసినవే, గింజకు రంగు ఉంటే అదే గుర్తు. 50 రకాల దేశవాళీ విత్తనాల ప్యాక్ ఒక్కసారి కొంటే జీవితాంతం మళ్ళీ విత్తనం కొనక్కర్లేదు. ఏ కాలంలో వేసినా వస్తాయి. తెగుళ్ళు అంటవు.’

మురళీనగర్‌లో మా మేడ మీద పన్నెండేళ్ళుగా నాటు విత్తనాలే వేస్తున్నాను. వాటి మీద ప్రేమ ఉంది కాబట్టే ఈ జవాబు రాస్తున్నాను. ఈ మాటలు నమ్మి ప్యాక్ కొన్నవాళ్ళు మొదటి ఏడాదే విసిగిపోయి కుండీలు ఎవరికో ఇచ్చేస్తుంటే చూడలేకపోతున్నాను.

ముందు జన్యుమార్పిడి మాట, అంటే ప్రయోగశాలలో మొక్క జన్యువుల్నే మార్చడం. మన దేశంలో అనుమతితో రైతులు సాగు చేస్తున్న జన్యుమార్పిడి పంట ఒక్క పత్తే, అదీ 2002 నుంచి. అలా జన్యువులు మార్చిన బీటీ వంకాయను 2010 ఫిబ్రవరిలో కేంద్రం ఆపేసింది, ఇప్పటికీ అది ఆగే ఉంది. కాబట్టి మీరు షాపులో కొన్న టమాటా, బెండ గింజలు మహా అయితే హైబ్రిడ్ కావచ్చు. హైబ్రిడ్ అంటే రెండు రకాల్ని కలిపి తీసిన గింజ. దాని కాయలోంచి విత్తనం దాచి వేస్తే మొక్కలు తలోరకంగా వస్తాయి, అంతకుమించి భయపడాల్సింది లేదు. ఇంకో సంగతి ఈ మెసేజ్ చెప్పదు. అర్కా వికాస్ టమాటా, భాగ్యమతి వంగ లాంటివి పరిశోధన కేంద్రాల్లో తయారైన రకాలు. అవి నాటువీ కావు, హైబ్రిడ్లూ కావు. వాటి గింజ నిక్షేపంగా దాచుకోవచ్చు.

గింజ మీది గులాబీ రంగంటారా, అది బూజు పట్టకుండా పట్టించే థైరామ్ లాంటి మందుతో వచ్చేది. తినే గింజ కాదని తెలియడానికే ఆ రంగు. విత్తాక చేతులు కడుక్కోండి, పిల్లలకు అందనివ్వకండి.

ఇక ‘జీవితాంతం’ అన్న మాట. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. గింజ ప్రాణమున్న వస్తువు. ఉల్లి గింజ ఏడాది దాటితే సరిగా మొలవదు. టమాటా బాగా దాస్తే నాలుగేళ్ళు ఉంటుంది. కానీ మన సముద్రపు గాలిలో తేమ ఎంతో మీకు తెలుసు, ఉప్పు డబ్బా మూత తీస్తే చాలు కనిపిస్తుంది. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని విత్తన శాస్త్రంలో ఒక లెక్క ఉంది. అనకాపల్లి దగ్గర పల్లెలో మా అమ్మమ్మ ఈ లెక్క చదవలేదు. ఎండిన బీరకాయని గింజలతో సహా పొయ్యి పైన దూలానికి వేలాడదీసేది. ఆ పొగకీ వెచ్చదనానికీ తేమ దరిచేరేది కాదు. మనం బాగా ఎండబెట్టి, గాలి చొరని సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి.

అలా దాచినా విత్తనం దాని రకంగానే ఉండాలంటే ఇంకా పని ఉంది. ఒకసారి పొడుగు సొర, గుండ్రటి సొర నాలుగడుగుల దూరంలో పాకించాను. రెండూ బ్రహ్మాండంగా కాశాయి. మరుసటేడు ఆ గింజలు వేస్తే వచ్చిన కాయలు ఇటు పొడుగూ కాదు, అటు గుండ్రమూ కాదు. పురుగులు ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకి మోశాయి. సర్టిఫైడ్, అంటే ప్రభుత్వ ధ్రువీకరణతో అమ్మే సొర విత్తనం పండించే రైతు వేరే సొర రకానికి 500 మీటర్ల దూరం పాటించాలి. ఎవరి మేడకి అంత చోటుంది? అందుకని చేత్తోనే చెయ్యాలి. సాయంత్రం విచ్చబోయే ఆడ మొగ్గకీ మగ మొగ్గకీ ముందే పల్చటి గుడ్డ సంచి కట్టి, విచ్చాక మగ పువ్వుని ఆడ పువ్వుకి అద్ది, మళ్ళీ సంచి కట్టేయాలి. పిందె నిలిచాక కాడకి దారం గుర్తు కట్టండి, విత్తనానికి ఉంచాల్సింది ఆ కాయే. చిక్కుడు, టమాటా చాలావరకు వాటి పువ్వుతో అవే కాస్తాయి కాబట్టి వాటితో ఇంత పని లేదు. ఇంట్లో కాసిన సొరకాయ ఏదైనా సరే, వండే ముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుంటే పారేయండి. చేదు సొరకాయ రసం ప్రాణం మీదికి తెస్తుంది.

ఏ కాలంలో వేసినా వస్తాయట! ఆ ప్యాకుల్లో లెట్యూస్, కేల్, బ్రోకలీ, థైమ్, రోజ్‌మేరీ కూడా ఉంటాయి. వేడి 30 డిగ్రీలు దాటితే చాలా లెట్యూస్ గింజలు మొలకెత్తకుండా ముడుచుకుని ఉండిపోతాయి. జూన్‌లో వేసి ఎదురుచూసిన పక్కింటి పిన్నిగారు తప్పు తన చేతిదే అనుకున్నారు, కానీ కాదు. టమాటా కూడా మన ఏప్రిల్ రాత్రుల ఉక్కకి పూత రాల్చేస్తుంది. పుదీనా గింజలు కొనడం దేనికి? ఎంవీపీ కాలనీ రైతుబజారులో తెచ్చిన కట్టలోంచి నాలుగు కాడలు గుచ్చితే పదిరోజుల్లో వేరు పడతాయి. బచ్చలీ అంతే. వంటింటి ధనియాలు రెండుగా నలిపి చల్లితే కొత్తిమీర.

తెగుళ్ళు నాటు మొక్కలకీ వస్తాయి. బెండకి తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులే చూడండి. దాన్ని తట్టుకోవాలని అర్కా అనామిక రకాన్ని అడవి బెండ జాతితో కలిపి, ఏళ్ళ తరబడి ఎంపిక చేసి తయారుచేశారు. పాతది అయినంత మాత్రాన ఆ బలం రాదు.

కొనాలనుకుంటే 50 వద్దు, ఐదు కొనండి: గోంగూర, తోటకూర, బెండ, వంగ, ఒకే ఒక్క సొర. ప్యాకెట్ మీద మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ ఉన్నాయేమో చూడండి. ప్రభుత్వ ప్రమాణం ప్రకారం సర్టిఫైడ్ విత్తనం టమాటా, వంగ అయితే కనీసం 70 శాతం, బెండ 65, మిరప 60 మొలవాలి. ఆ వివరాలు లేకపోతే, విత్తే ముందు పది గింజలు తడిగుడ్డలో చుట్టి వారం, పది రోజులు ఉంచి లెక్కపెట్టండి. నాలుగే మొలిస్తే కుండీకి రెట్టింపు గింజలు వేయండి, లేదా అమ్మినవాళ్ళకి ఫోటో పంపి డబ్బులు వెనక్కి అడగండి.