సవరణ: వార్ఫరిన్ కథ కార్ల్ లింక్‌తో మొదలు కాలేదు

రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ మాత్ర గురించిన నిన్నటి పోస్టులో, పశువులు రక్తస్రావంతో చనిపోవడానికి బూజు పట్టిన గడ్డే కారణమని కనిపెట్టింది అమెరికా బయోకెమిస్ట్ కార్ల్ లింక్ అని ఉంది. అది సరికాదు, ఆ వాక్యం మార్చాను.

కారణం పట్టుకున్నది కెనడాలోని అంటారియో వెటర్నరీ కాలేజీ పశువైద్యుడు ఫ్రాంక్ స్కోఫీల్డ్, అదీ 1920ల మొదట్లోనే. ఒకే గడ్డివాములోంచి మంచి స్వీట్ క్లోవర్ (పశువులకు మేతగా వేసే మొక్క) కాడలు ఏరి ఒక కుందేలుకు, పాడైనవి ఇంకో కుందేలుకు పెట్టి చూశారు. మొదటిది బాగానే ఉంది, రెండోది రక్తస్రావమై చచ్చిపోయింది. ఇంత సూటిగా తేల్చిన మనిషి పేరు చాలాచోట్ల అసలు కనిపించకపోవడం నాకు చాలా అన్యాయం అనిపిస్తుంది.

తర్వాత నార్త్ డకోటాలో లీ రోడరిక్, ఈయనా పశువైద్యుడే, ఆ పశువుల రక్తం గడ్డకట్టకపోవడానికి ప్రోత్రాంబిన్ (రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రోటీన్) తగ్గడమే కారణమని చూపించారు. లింక్ బృందం 1939లో విస్కాన్సిన్‌లో వేరు చేసింది ఆ గడ్డిలో రక్తం గడ్డకట్టనివ్వని పదార్థమైన డైకుమరాల్‌ని, అదీ గొప్ప పనే. దాని ఆధారంగా తయారైన వార్ఫరిన్ ముందు 1948లో ఎలకల మందుగా వచ్చి, 1954లో మనుషులకు అనుమతి పొందింది.

ఇంకొకటి, కొందరు అడిగారు: అవును, 1919లో కొరియా స్వాతంత్ర్య ఉద్యమాన్ని ఫొటోలు తీసిన స్కోఫీల్డ్ ఈయనే.