రెండు వేళ్ళ జూమ్ గారికి ఒక పెళ్ళి ఫోటోగ్రాఫర్ ఉత్తరం

ఆయ్, నమస్కారమండి జూమ్ గారూ,

నేను కోనసీమలో పెళ్ళిళ్ళకి ఫోటోలు తీసి బతుకుతున్నవాణ్ణి. తమరు రాకముందు జనం ఫోటోలో మొహాలు చూసేవారు. పెదనాన్న నవ్వాడా లేదా, పిన్ని కొత్త చీర పడిందా లేదా, అదే గొడవ. తమరొచ్చాక మొహాలు ఎవడికీ అక్కర్లేదు.

మొన్న మాఘమాసంలో అంబాజీపేట దగ్గర ఒక పెళ్ళి చేశాను. ఫోటోలు ఎంచుకోడానికి పెళ్ళికూతురి మేనమామ గారు వచ్చారు. తలంబ్రాల ఫోటో బ్రహ్మాండంగా ఉంది. పిల్ల నవ్వుతోంది, పిల్లాడు కళ్ళు మూసుకున్నాడు, నెత్తిన బియ్యం వాన. ఆయన ఒక్క క్షణం చూసి, ల్యాప్‌టాప్ మీద రెండు వేళ్ళు పెట్టి తమర్ని పిలిచారు. లాగారు, లాగారు, గాల్లో ఉన్న ఒకే ఒక్క గింజ దగ్గర ఆగారు.

"ఏంటి తమ్ముడూ, ఇది అలుక్కుపోయిందేంటి? నీ కెమెరా ఎన్ని?"

"24 మెగాపిక్సెల్సండి."

"మా వాడి ఫోనే 108!"

మెగాపిక్సెల్ అంటే ఫోటోలో పది లక్షల చుక్కలు. 108 అంటే అష్టోత్తరంలా నిండుగా వినబడుతుంది, కాదనను. కానీ అలాంటి ఫోన్లు మామూలుగా తొమ్మిదేసి చుక్కల్ని ఒక్కటిగా కలిపేసి 12 మెగాపిక్సెల్స్ ఫోటోనే చేతిలో పెడతాయి. పోనీ మొత్తం 108 వాడినా, 12 మీద అడ్డంగా మూడు రెట్లు, నిలువుగా మూడు రెట్లు, అంతే. ఇక విసిరిన గింజ కదిలితే కదిలినట్టే పడుతుంది. చుక్కలు పెంచితే ఆ అలుకుడే ఇంకాస్త వివరంగా కనిపిస్తుంది.

అసలు తమరు చేసే పని ఏంటో ఆయనకి చెప్పబోయాను. నా ఫోటో వెడల్పు 6000 చుక్కలు. ఆ ల్యాప్‌టాప్ తెర మీద చుక్కకి చుక్క పెట్టి పూర్తిగా పరిస్తే మూడున్నర అడుగులు వస్తుంది. మూడున్నర అడుగుల పటాన్ని అడుగు దూరంలో ముక్కు ఆనించి చూస్తూ, బాలేదంటే ఎలాగండీ? కనుమ నాడు మా జగ్గన్నతోట తీర్థంలో, వెదురుతో ఎత్తుగా కట్టి ఊరేగించే దేవుడి ప్రభలకి దూరం నుంచే దణ్ణం పెడతాం. దగ్గరికెళ్ళి వెదురు బద్దల మధ్య సందులు కొలిచేవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు. (ఈ ఏడు ఫోన్లో కొలుస్తారేమో.)

తమాషా ఏంటంటే, ఈ మేనమామ గారే ఆ పెళ్ళికి కాలవ గట్టు మీద 20 బై 10 అడుగుల ఫ్లెక్సీ కట్టించారు. అందులో ఉన్నది నిశ్చితార్థం ఫోటో. ఈ గ్రూపు నుంచి ఆ గ్రూపుకి తిరిగి తిరిగి 1600 చుక్కల వెడల్పుకి చిక్కిపోయింది. ఇరవై అడుగులకి సాగదీస్తే ఒక్కో చుక్కా దాదాపు నాలుగు మిల్లీమీటర్లు, అంటే కందిబద్దంత! అయినా కాలవ అవతల టీ బడ్డీ దగ్గర నిలబడి, "పిల్ల బుగ్గన చుక్క కూడా ఎంత స్పష్టంగా ఉందో" అని పదిమందికీ చూపించారు. ఆయన తప్పేం కాదు. మంచి చూపున్న కన్ను అడుగు దూరంలో 0.09 మిల్లీమీటర్లకంటే చిన్నదాన్ని విడదీయలేదు. టీ బడ్డీ యాభై అడుగులు. అక్కడ్నుంచి నాలుగున్నర మిల్లీమీటర్ల లోపు ఏదైనా ఒకటే. రెండు మెగాపిక్సెల్స్ కూడా లేని ఫోటో ఊరంతటికీ నచ్చింది, 24 ఉన్న ఫోటో ఒక్కాయనకి నచ్చలేదు. మధ్యలో ఉన్నది తమరే.

ఆల్బం మాత్రం 12 బై 36 అంగుళాల్లోనే వేయించాను. ఆ తలంబ్రాల ఫోటోకి ఒక పేజీ మొత్తం ఇచ్చాను, పంతానికే. డెలివరీకి వెళ్తే ఆయన వరండాలో కూర్చుని ఉన్నారు. ఆల్బం ఒళ్ళో పెట్టుకుని, సరిగ్గా ఆ పేజీ తీసి, కాగితం మీద రెండు వేళ్ళూ ఆనించి విడదీశారు. ఏమీ జరగలేదు. ఇంకోసారి విడదీశారు. నావైపు అనుమానంగా చూశారు.

తర్వాత కళ్ళజోడు కోసం జేబు తడుముకున్నారు. లేదు. మనిషికి చత్వారం. చేసేది లేక ఆల్బం ఎత్తి, చేతులు బార్లా చాపి, తల వెనక్కి వాల్చి చూశారు.

"ఆఁ, ఇప్పుడు బాగుంది తమ్ముడూ. ఏం సరిచేశావు?"

"కొంచెం పని పట్టిందండి" అని మిగతా బాకీ తీసుకుని వచ్చేశాను.

ఇట్లు,
తమరి బాధితుడు