నవ్వు బొమ్మ పెట్టిన మా అన్నయ్యకి

నిన్న రాత్రి గిన్నెలు తోముతూ ఒక పాట విన్నాను. ఈమధ్య వచ్చిందే. పేరు చెప్పను, చెబితే ఆ రచ్చ ఇక్కడ కూడా మొదలవుతుంది. రెండో చరణానికి ముందు మిగతా వాయిద్యాలన్నీ ఊరుకుని ఫ్లూట్ ఒక్కటే నాలుగైదు సెకన్లు వస్తుంది. కుళాయి కట్టేసి, వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. సబ్బు చేతులతోనే ఫోన్ తీసి మా పాటల గ్రూపులో ఒక ముక్క రాశాను, "ఈ ఫ్లూట్ దగ్గర ప్రాణం లేచొచ్చిందండీ, వినండి" అని. అంతే. ఈ శతాబ్దపు పాట అనలేదు. ఫలానా ఆయన కంటే గొప్ప అనలేదు.

పొద్దున్నే లేచి చూస్తే మొదటి కామెంటు: "రాజా గారిని విన్న చెవులతో ఇవి వినలేమండీ." రెండోది: "అది ఫ్లూట్ కాదు, కీబోర్డు." మూడోది: "కాపీ." దేనికి కాపీయో చెప్పడు, అది మనం పోలీసు కుక్కల్లా వాసన చూసి కనిపెట్టుకోవాలి. నాలుగో ఆయన అసలు లింకే నొక్కలేదట. ఆ సంగతి ఆయనే గర్వంగా రాసుకున్నాడు, "వినలేదు, వినను కూడా" అని. వినని పాట మీద ఆరు లైన్ల సమీక్ష! ముద్ద నోట్లో పెట్టకుండానే ఉప్పు తక్కువైందనే వాళ్లని పెళ్లి పంక్తిలో కూడా చూడలేదు నేను.

ఇవన్నీ మామూలే అనుకుందును. కానీ ఆ మొదటి కామెంటు కింద పదిహేడు నవ్వు బొమ్మలున్నాయి. అందులో ఒకటి మా అన్నయ్యది. తోడబుట్టిన అన్నయ్యది. నన్ను ఆ గ్రూపులో చేర్చింది కూడా ఆయనే. ఆయన సంగతికి తర్వాత వస్తాను.

ఇళయరాజా అంటే నాకు పడదనుకునేరు. 'సాగరసంగమం' వచ్చిన 1983లో నాకు ఎనిమిదేళ్లు, ఆ పాటలతోనే పెరిగాను. దానికి జాతీయ అవార్డు వచ్చింది, తర్వాత 'రుద్రవీణ'కీ వచ్చింది, నాకూ తెలుసు. ఆయన్ని నేనూ కొలుస్తాను. కానీ ఆయన పాటని పక్కవాడి నెత్తి మీద మోదడానికి రోకలిబండలా వాడతారెందుకు? మీకు అంత ఇష్టమైతే ఆయన పాట ఒకటి పెట్టి, ఇదిగో ఇక్కడ వయొలిన్లు వినండి అనొచ్చుగా. గ్రూపు అంతా వింటాం. అది మాత్రం చెయ్యరు. నిజం చెప్పనా, ఈ "రాజా గారిని విన్న చెవుల" ఆయన మూడేళ్లుగా గ్రూపులో ఉన్నారు. ఇంతవరకూ ఒక్కటంటే ఒక్క రాజా పాట పెట్టలేదు. పొద్దున కూర్చుని వెతికాను కూడా. (అవును, పనీపాటా లేదు నాకు. ఇడ్లీ రుబ్బు అలాగే ఉండిపోయింది.)

మా నాన్నకి ఘంటసాలే పాట. 1974 ఫిబ్రవరిలో ఘంటసాల పోయారు, ఆ రోజుతో తెలుగు పాట కూడా పోయిందని నాన్న నమ్మకం. బాలు గారి గొంతు ఆయనకి పల్చన. ఇళయరాజా అయితే ఉత్త గోల. అదిగో ఆ ఇళయరాజా అభిమానులే 1992లో రెహమాన్ 'రోజా' వచ్చినప్పుడు "ఇదేం సంగీతం, కంప్యూటర్ చప్పుడు" అన్నారు, మా కాలేజీ క్యాంటీన్లో నా చెవులారా విన్నాను. ఇప్పుడు రెహమాన్ పాటల కింద "ఆ రోజులే వేరు" అని ఎవరు ఏడుస్తున్నారో చూసుకోండి. తిట్లు మాత్రం మారవు. పేరు కొట్టేసి పేరు రాసుకోవడమే.

అయితే విమర్శించకూడదా అని వస్తారు ఇప్పుడు. విమర్శించండి బాబూ. బాలు గారు 'పాడుతా తీయగా'లో పిల్లలు తప్పు పాడితే వదిలేసేవారా? సంగతి ఎక్కడ జారిందో చెప్పి, తనే పాడి చూపించేవారు. అయితే దాంతోపాటు ఆ పాట ఎవరు రాశారో, ఎవరు బాణీ కట్టారో, రికార్డింగ్ నాడు ఏం జరిగిందో కూడా చెప్పేవారు. అది విని నేను ఎన్ని పాటలు వెతుక్కున్నానో లెక్కలేదు. "కాపీ" అని ఒక్క ముక్క విసిరేసి టీ తాగడానికి పోయేవాళ్ల వల్ల ఒక్క పాటైనా తెలిసిందా ఎవరికైనా?

నాకు అన్నిటికంటే మండింది మాత్రం 2023 మార్చి 13. సోమవారం పొద్దున్న. 'నాటు నాటు'కి ఆస్కార్. చంద్రబోస్ గారి మాటలు, కీరవాణి గారి బాణీ, ఒక తెలుగు పాట! నేను కాఫీ గ్లాసుతో టీవీ ముందు నిలబడి ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. ఫోన్ తెరిస్తే మనవాళ్లు! "ఇదా పాట? 'అన్నమయ్య'కి రాని అవార్డు దీనికా?" కీరవాణి గారికి 'అన్నమయ్య' సంగీతానికి జాతీయ అవార్డు వచ్చింది స్వామీ. ఆ ముక్క తెలీకుండానే ఆయన తరఫున మీకు కోపం. పోనీ నిజంగానే ఆయన పాత పాటలంటే అంత ప్రేమ ఉంటే, ప్రపంచమంతా ఆయన పేరు వెతుకుతున్న ఆ పొద్దున ఓ పది పాటలు పెట్టొచ్చుగా? ఇదిగో, ఈయన ఇవి కూడా చేశాడు అని? ఊహూ. పెళ్లికొచ్చి, మాకు అంతకంటే మంచి సంబంధం వచ్చింది తెలుసా అని గొణిగే చుట్టాల్లా తయారయ్యారు.

ఆ స్టేజీ మీద కీరవాణి గారేం చేశారు? చేతిలో ఆస్కార్ పెట్టుకుని, కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగానని చెప్పి, వాళ్ల పాట వరస మీదే తన మాటలు కట్టి పాడారు. (కార్పెంటర్స్ అంటే వడ్రంగులనుకుని రాసిన వార్తలు కూడా చూశాం. అదింకో ఏడుపు.) వాళ్లు డెబ్బైలలో అమెరికాని ఊపేసిన అన్నాచెల్లెళ్లు, రిచర్డ్, కేరెన్. కేరెన్ 1983లోనే పోయింది. డెబ్బై ఆరేళ్ల రిచర్డ్ ఇదంతా విని ఏం చేశాడంటే, పియానో ముందు కూర్చుని, ఇంట్లోవాళ్లతో కలిసి అదే పాటని అభినందనగా మార్చి పాడి, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు. ఆనందంతో కన్నీళ్లు కారుతున్నాయని కీరవాణి గారు జవాబు రాశారు. ఆయన పుట్టిన కొవ్వూరెక్కడ, కాలిఫోర్నియా ఎక్కడ! అంత పెద్ద రోజున కూడా ఆయన ఒక అభిమానిలాగే నిలబడ్డారు. మన అభిమానులేమో అప్పుడు కూడా జడ్జీల్లాగే కూర్చున్నారు.

అక్కడో అన్న. ఇక్కడో అన్న.

మా తెనాలిలో రికార్డింగ్ షాపు ఉండేది. పాటల లిస్టు రాసిస్తే అరవై నిమిషాల క్యాసెట్టులో ఎక్కించి ఇచ్చేవారు. పదో తరగతి పరీక్షలయ్యాక, దాచుకున్న డబ్బులతో నేనొకటి చేయించుకున్నాను. రమేష్ నాయుడు గారి పాటలు, ముందు 'మేఘసందేశం' మొత్తం, తర్వాత మిగతావి. బి సైడు చివర నాలుగు నిమిషాలు టేపు మిగిలితే షాపాయన అడక్కుండానే తనకిష్టమైన పాటొకటి వేశాడు. "ఖాళీగా ఎందుకు పాపా, విను, బాగుంటుంది" అన్నాడు. డబ్బులు కూడా తీసుకోలేదు. దాని పేరు అట్ట మీద రాయలేదు. ఎవరూ దాని మీద ఇంకేం ఎక్కించకుండా క్యాసెట్టు వెనక రెండు పలకలూ నేనే విరగ్గొట్టాను.

1990 మే. తుపాను. ఆ వానల్లోనే 'జగదేకవీరుడు అతిలోకసుందరి' రిలీజు. మా అన్నయ్య గొడుగేసుకుని వెళ్లి చూసొచ్చాడు. కరెంటు వచ్చిన రోజున, పలకలు విరిగిన కన్నాల్లో కాగితం కుక్కి, సెలోటేపు అంటించి, పక్కింటివాళ్ల డబుల్ డెక్‌లో ఆ సినిమా పాటలు నా క్యాసెట్టు మీద ఎక్కించాడు. అడిగితే "ఆ ఏడుపు పాటలు ఎవరు వింటారే" అన్నాడు. వరండాలోంచి నాన్న అరుపు, "ఆ గోల కట్టేయరా!"

ఆ గోల ఎవరిదో చెప్పనా? రాజా గారిదే. నాన్న చేత తిట్లు తింటూ, సౌండు పెంచి మరీ విన్నావు కదా అన్నయ్యా. వీధి అంతా వినాలని స్పీకరు కిటికీలో పెట్టావు. నా క్యాసెట్టు పోయిందని ఏడుస్తూ కూడా ఆ పాటలకి నేనూ కాళ్లాడించాను, ఒప్పుకుంటాను. అప్పుడు నువ్వెంత బాగుండేవాడివి! ఇప్పుడు యాభై నాలుగేళ్లకే నాన్నవైపోయావు. నీ పేరుతో రోజూ పొద్దున "పాత పాటలు బంగారం" అని ఒక ఫొటో వస్తుంది, గులాబీ పువ్వుతో. ఆ బంగారాన్ని సెలోటేపు పెట్టి చెరిపేసింది ఎవరో గ్రూపులో చెప్పమంటావా?

నేనూ తక్కువేం తినలేదు. పోయినేడాది మా అమ్మాయి ఒక పాట వినిపిస్తే, "ఇదేంటే, గొంతు మిషన్లో వేసి తీసినట్టుంది" అన్నాను. అది ఇయర్‌ఫోన్స్ తీసుకుని గదిలోకి వెళ్లిపోయింది. అప్పట్నుంచి నాకు ఏ పాటా వినిపించలేదు. నిన్నటి ఫ్లూట్ పాట కూడా దాని ఫోన్‌లోంచి గోడవతల నుంచి వినబడితేనే వెతుక్కున్నాను.

సరే, గ్రూపులో అడిగితే ముందు నా చెవులకి పరీక్ష పెడతారు కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను. ఆ షాపాయన వేసిన పాట పేరు నాకిప్పటికీ తెలీదు. మొదట ఆడగొంతులో చిన్న ఆలాపన, వెనక వీణ, తర్వాత దూరంగా పడవవాడు పిలిచినట్టు మగగొంతు ఒకటి. పల్లవిలో ఎక్కడో "తీరం" అనే మాట వస్తుంది. 1990కి ముందుది. ఎవరికైనా తడితే లింకు పెట్టండి. ఏ రాగమో చెప్పక్కర్లేదు. అన్నయ్యా, నువ్వు కూడా వెతుకు.